మాత్రల హాలులో ఉమ్మడి ఉదయం

నమోదు 1

లోగూడెం భూగర్భ పట్టణ ఆరోగ్య డైరెక్టరేటు ఆదేశం మేరకు, మాత్రల విభాగం మూసివేత పూర్తయ్యేవరకు జరిగే విశేషాలను ఎప్పటికప్పుడు నమోదు చేయవలసి ఉన్నది. విభాగాధికారిగా ఆ బాధ్యత నాది. ప్రస్తుత సిబ్బంది: నేను, వంటమనిషి ఓదెలు. ప్రస్తుత లబ్ధిదారులు: దుర్గం లింగవ్వ గారు. లబ్ధిదారుల కంటే సిబ్బంది రెట్టింపు ఉండటం పరిపాలనాపరంగా సమర్థనీయం కాదనీ, కనుక నెలాఖరుకు విభాగం మూసివేయాలనీ ఆదేశంలో పేర్కొన్నారు. దీనితో నేను ఏకీభవించాను. పత్రంలో ఏకీభవిస్తున్నట్లు టిక్కు పెట్టే గడి ఒక్కటే ఉన్నది.

విభాగం పూర్వాపరాలు కొత్తగా వచ్చిన అధికారుల సౌకర్యార్థం క్లుప్తంగా రాస్తున్నాను. పైన ఎండలు మనిషిని బతకనివ్వని రోజుల్లో మా పెద్దలు పాత బొగ్గు గనుల్లోకి దిగి, వాటిని వెడల్పు చేసి పట్టణం కట్టుకున్నారు. తవ్విన కాలమంతా రాతిధూళి పీల్చారు. ఊపిరితిత్తులు వాచాయి. ఆ వాపును అణచిన మందు ప్రెడ్నిసొలోన్ మాత్ర. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు తెల్లవారుజామున ఒక హార్మోనును తయారుచేస్తాయి. మనిషిని నిద్రలోంచి లేపి నిలబెట్టేది అదే. ఈ మాత్ర దానికి దగ్గరి చుట్టం. అందుకే దీనిని ఉదయమే వేసుకోవాలి. సాయంత్రం వేసుకున్నవారు తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని అల్మారాలు సర్దేవారు.

ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో మంట కనుక, తిన్నట్లు అధికారి కళ్లతో చూసిన తరువాతే మాత్ర ఇవ్వాలని మొదటి డైరెక్టరు నియమం పెట్టారు. ఆ నియమం వల్ల మాత్రల హాలుకు వంటగది వచ్చింది. వంటగదికి ఆవిరి కూత వచ్చింది. సూర్యుడు కనిపించని పట్టణంలో ఆ కూతే ఉదయం. మాత్ర అవసరం లేనివాళ్లు కూడా దానికే లేచేవారు. నాలుగు వందల మంది ఒకే హాలులో, ఒకే వేళకు, ఉప్మా బాగాలేదని ఒకే గొంతుతో అనేవారు.

తరువాత మాత్రకు బదులు, జబ్బకు అంటిస్తే చర్మం గుండా ఆ హార్మోనును అందించే పలకలు వచ్చాయి. పలక ఎవరి షిఫ్టును బట్టి వారి ఒంట్లో ఉదయాన్ని పుట్టిస్తుంది. ఇప్పుడు లోగూడెంలో ఎంతమంది ఉన్నారో అన్ని ఉదయాలున్నాయి. మా మేడ మీద కాపురముండే ఆయనకు తెల్లవారేది నేను పడుకునే వేళకు. ఇది అభివృద్ధి. ఫిర్యాదు ఏమీ లేదు.

నమోదు 2

మూసివేత విషయం లబ్ధిదారుకు మౌఖికంగా తెలియజేశాను. లింగవ్వ గారు పదవీ విరమణకు ముందు గాలి పంకాల మెకానిక్. పట్టణంలోని అతి పెద్ద పంకాలను విప్పి, ధూళి దులిపి, బిగించిన మనిషి. ఆ ధూళిలో ఎక్కువ భాగం ఆమె లోపలికే వెళ్లింది. మిగిలినవారందరికీ వయసులో ఉండగానే మాత్ర మెల్లగా తగ్గించి మాన్పించగలిగారు. ఆమెకు తగ్గించినప్పుడల్లా ఆయాసం తిరగబడేది. ఇప్పుడు కొన్నేళ్లుగా ఊపిరితిత్తులు నెమ్మదించాయి గానీ మాత్ర మాత్రం ఉద్యోగంలో కొనసాగుతున్నది.

"ఏంది సారూ, ఒక్క ముసల్దానికి గింత హాలా అని మొత్తుకుంటున్నరట గద."

"మొత్తుకోలేదండీ. ఆదేశం జారీ చేశారు."

"రెండొకటే." ఆమె ఇడ్లీని చట్నీలో తిప్పారు. "ఒకప్పుడు గీ బెంచి మీద కూసుండాలంటె కొట్లాట. మీ నాయిన జరుగుమంటె నేను జరుగలే. యాదికున్నదా?"

"నేను చిన్నవాణ్ణి."

"మీ నాయిన మొఖం, నా మొఖం ఒక్కతీర్గ ఉండె. అందరియి గట్లనే. మూలకొక గుమ్మడికాయ కూసున్నట్టు."

"గుమ్మడికాయలు గాదవ్వా, పొంగిన పూరీలు," అని వంటగదిలోంచి ఓదెలు సవరించాడు.

"నువ్వు పూరీ చేసిందెన్నడు, అది పొంగిందెన్నడు?"

ఈ మాత్ర దీర్ఘకాలం వాడితే ముఖం గుండ్రబడుతుంది. కొవ్వు బుగ్గలకు, మెడ వెనుకకు చేరుతుంది. నా చిన్నతనంలో పెద్దవాళ్లందరి ముఖాలు నిండు చందమామలే. పలచటి ముఖం కనిపిస్తే కొత్తవాడని తెలిసేది. మా నాయన అసలు ముఖం ఎలా ఉండేదో నేను చూడలేదు. గుండ్రటి ముఖమే నాకు మా నాయన.

పలకకు లింగవ్వ గారు అభ్యంతరం చెప్పలేదు. మాత్రల వల్ల ఆమె ఎముకలు గుల్లబారాయి. కిందటేడు గట్టిగా తుమ్మితే పక్కటెముక చిట్లింది. "ఇగ తుమ్ముదామన్నా భయమే. పెట్టుమను ఆ పలకేందో," అన్నారు.

నమోదు 3

డాక్టర్ ఇందుజ గారు వచ్చి లింగవ్వ గారి జబ్బకు పలక అంటించారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆదేశం ప్రకారం నేటి నుంచే మాత్ర నిలిపివేశాను.

నా దగ్గరున్న పాత డబ్బాల మీద 'హఠాత్తుగా ఆపరాదు' అని అచ్చయి ఉన్నది. విషయం డాక్టరు గారి దృష్టికి తెచ్చాను.

"నేనూ అదే రాశానండీ, మెల్లగా తగ్గిద్దామని. రెండుసార్లు రాశాను. పలకే చూసుకుంటుందని జవాబొచ్చింది," అన్నారు ఆమె. ఆమె ముఖం జవాబుతో ఏకీభవించినట్లు లేదు.

పలక పనితీరు గురించి జాయింట్ డైరెక్టర్ నరహరి గారిని గోడ ఫోనులో సంప్రదించాను. పలకలు స్వయంకృషి సూత్రం మీద నడుస్తాయని వారు వివరించారు. సొంత గ్రంథి ఎంత శ్రమిస్తే పలక దానికి రెట్టింపు అందిస్తుంది. ఊరకే కూర్చున్న గ్రంథికి ఉచితంగా ఇచ్చి సోమరిని చేయటం డైరెక్టరేటు విధానం కాదు. ఈ సూత్రానికి నిరుడు బహుమతి కూడా వచ్చిందట. అభినందించాను.

నమోదు 4

మాత్ర లేకపోయినా లింగవ్వ గారు కూత వేళకు వచ్చారు. అలవాటు అన్నారు. మాత్ర తీసుకోని వ్యక్తికి టిఫిన్ పెట్టడానికి నిబంధన లేదు. ఓదెలు నిబంధనలు చదవలేదు కనుక పెట్టాడు.

కాళ్లు పీకుతున్నాయన్నారు. పలక దీపం ఆకుపచ్చ.

నమోదు 5

లింగవ్వ గారికి జలుబు, ఒళ్లు వెచ్చబడింది. మాత్రల రోజుల్లోనైతే జ్వరం వచ్చినవారికి ఆ నాలుగు రోజులూ మోతాదు రెట్టింపు చేసేవాళ్లం. జ్వరంలో ఆరోగ్యవంతుడి గ్రంథి తనంతట తాను ఉత్పత్తి పెంచుకుంటుంది. మాత్రల మీద బతికేవారి గ్రంథి పెంచుకోలేదు. కనుక ఆ పని మేము చేసేవాళ్లం. ఇప్పుడు చేయడానికి నాకు అధికారం లేదు.

ఆమె ఒక ఇడ్లీ తుంచి, దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఏమైందవ్వా, చట్నీల కారం ఎక్కువైందా?" అని ఓదెలు బయటికి వచ్చి అడిగాడు.

"కారం గాదు బిడ్డా. చూస్తెనే కడుపుల తిప్పుతున్నది."

ఓదెలు నా వైపు చూశాడు. వంటను తిట్టని లింగవ్వ గారిని అతడు చూడటం అదే మొదలు. డాక్టరు గారికి వెంటనే కబురు పంపాను. నరహరి గారికీ తెలియజేశాను. "మా తెర మీద ఆమె సూచికలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయే," అన్నారు వారు. ఆమె మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నారని చెప్పాను.

ఫోను పెట్టేలోపే బెంచి జరిగిన చప్పుడయింది. లింగవ్వ గారు లేచి నిలబడబోయి, బల్ల అంచు పట్టుకోబోయి, అందక, నేల మీద ఒరిగారు. తల ఓదెలు చేతిలో పడింది. ఒళ్లంతా చెమట. మాట ముద్దగా వస్తున్నది.

"లేవకండి అవ్వా, లేవకండి," అంటూ డాక్టర్ ఇందుజ గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. రక్తపోటు చూసి, కాళ్ల కింద బియ్యం బస్తా పెట్టమన్నారు. "హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఉందా ఇక్కడ?"

ఉన్నది. మూసివేతలో భాగంగా, గ్రంథి చేయవలసిన హార్మోనే అయిన ఆ సూదిమందును కేంద్ర గిడ్డంగికి నిన్ననే పంపవలసి ఉండగా, అలసత్వం వల్ల పంపలేదు. ఈ అలసత్వానికి సంజాయిషీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. డాక్టరు గారు నరానికి మందు ఎక్కించి, సెలైన్ పెట్టారు. మేమంతా నేల మీదనే కూర్చున్నాం. చాలాసేపటికి లింగవ్వ గారు కళ్లు తెరిచి, పైకప్పు వంక చూశారు.

"ఆ పంకా రెక్క వంకర వోయింది. ఎవడు బిగించిండు?"

డాక్టరు గారు నవ్వబోయి, ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. పలక మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉన్నది. డాక్టరు గారు దానిని ఊడబీకి జేబులో వేసుకున్నారు.

నమోదు 6

సంఘటనపై విచారణ. గోడ ఫోనులో నరహరి గారు. ఇటు డాక్టర్ ఇందుజ గారు, నేను.

"పలకలో లోపం ఏమైనా కనిపించిందా?"

"లేదు సార్. పలక పడిపోలేదు. రోగి పడిపోయారు," అని మనవి చేశాను.

"లోపం లేనప్పుడు ఇబ్బంది ఏమిటి?"

డాక్టరు గారు ఫోను దగ్గరికి జరిగారు. "సార్, ముప్పై ఏళ్లుగా మాత్రే గ్రంథి పని చేసిపెట్టింది. గ్రంథికి పనిలేక నిద్రపోయింది. ఇప్పుడు ఆమె ఒంట్లో సొంతంగా తయారయ్యేది సున్న. మన పలక దానికి రెట్టింపు ఇచ్చింది. సున్నకు రెట్టింపు ఎంత సార్?"

"అది గణాంక విభాగాన్ని అడగవలసిన విషయం," అన్నారు నరహరి గారు.

"వాళ్లు చెప్పేలోపు ఆవిడ బతకాలి కదా సార్. మాత్ర మళ్లీ మొదలుపెట్టాను. ఇక మెల్లగా, మెట్టు మెట్టుగా తగ్గించాలి. బయటి నుంచి వచ్చేది తగ్గుతున్నదని తెలిస్తేనే గ్రంథి కదులుతుంది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నెలలు. ఏడాది కావచ్చు. ఆ వయసులో అసలు లేవకపోవచ్చు."

"లేవకపోతే?"

"బతికినన్నాళ్లూ మాత్ర."

"అంటే విభాగం..."

"హాలు కూడా," అన్నాను. నా గొంతులో అధికారికం కాని స్వరం ఏదో వినిపించి ఉంటుంది. డాక్టరు గారు నా వైపు తిరిగి చూశారు.

సాయంత్రానికి సవరణ ఆదేశం వచ్చింది. లింగవ్వ గారి అడ్రినల్ గ్రంథులు తిరిగి విధుల్లో చేరేవరకు మాత్రల విభాగం కొనసాగుతుంది. మోతాదు తగ్గించే ప్రతి మెట్టుకూ డాక్టరు సలహా, విభాగాధికారి సంతకం తప్పనిసరి. సంతకం లేనిదే పాత మోతాదే అమలులో ఉంటుంది.

అంటే ఆమె గ్రంథి నిద్రపోతున్నంతకాలం నా హాలు మేలుకుని ఉంటుంది. డైరెక్టరేటు ఈ సంగతి గమనించలేదు. నేను గమనించాను.

నమోదు 7

పది మిల్లీగ్రాముల నుంచి ఏడున్నరకు దిగాం. సంతకం పెట్టాను. కీళ్లు పట్టేశాయని, పొద్దున లేస్తే చేతులు పిడికిలి పడటం లేదని లింగవ్వ గారు చెప్పారు. తగ్గించే కాలంలో ఇది సహజమని, కళ్లు తిరిగినా వాంతి అయినా మాత్రం వెంటనే చెప్పాలని డాక్టరు గారు ఓదెలుకు కూడా నేర్పించారు. ఓదెలు ఇప్పుడు వడ్డించేముందు "అవ్వా, తిరుగుతున్నయా?" అని అడుగుతున్నాడు.

"నా కండ్లు తిరుగుతలేవురా. నువ్వే నా సుట్టూ తిరుగుతున్నవ్."

ఆమె పడిపోయిన వార్త సొరంగాల్లో పాకినట్లుంది. చూసిపోదామని ఆమె పాత తోటివారు వస్తున్నారు. మొదట ఇద్దరు, తరువాత పదిమంది. కూత ఇంకా వినిపిస్తున్నదని తెలిసి కొందరు, కారణమేమీ లేకుండా కొందరు. వీరికి టిఫిన్ మంజూరు లేదు. ఓదెలు పిండి ఎక్కువ రుబ్బుతున్నాడు. రుబ్బినది పారవేయటం నిబంధనలకు విరుద్ధం కనుక వడ్డించటానికి అనుమతించాను.

నేడు హాలులో ఎవరో ఉప్మా బాగాలేదన్నారు. పక్కవారు అవునన్నారు. ఆ మాట బల్ల నుంచి బల్లకు ప్రయాణించి నా దాకా వచ్చింది. నేను కౌంటరు వెనుక నిలబడి విన్నాను. మళ్లీ ఆ శబ్దం వింటానని అనుకోలేదు.

నమోదు 8

అయిదు మిల్లీగ్రాములు.

లింగవ్వ గారి ముఖం మారుతున్నది. బుగ్గలు దిగాయి. దవడ గీత కనిపించింది. ఒక ఉదయం కౌంటరు దగ్గరికి పొడుగాటి ముఖంతో ఎవరో పెద్దావిడ వస్తే, పేరు అడగబోయాను. ఆమె స్టీలు పళ్లెం ఎత్తి అందులో చూసుకున్నారు.

"అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్న. ఇన్నేండ్లు ఏడ దాసుకున్ననో ఈ మొఖం."

నేను మా నాయన ముఖానికి బుగ్గలు తగ్గించి చూడటానికి ప్రయత్నించాను. సాధ్యపడలేదు. నేటి విశేషాలలో ఇది లేదు, పొరపాటున రాశాను.

నమోదు 9

మాత్ర వేసుకోకముందే, కూత వేళకు లింగవ్వ గారి రక్తం తీశారు. గ్రంథి తనంతట తాను తయారుచేసిన హార్మోను ఎంతో అందులో తెలుస్తుంది. ఫలితంతో డాక్టర్ ఇందుజ గారు స్వయంగా వచ్చారు. హాలు దాదాపు నిండి ఉన్నది.

"లేస్తోంది," అన్నారు. "పూర్తిగా కాదు. మాత్ర ఆపేయడానికి సరిపోదు. తగ్గించడానికి సరిపోతుంది. సగానికి దిగవచ్చు. ఇంకో నెల అయిదులోనే ఉంచుదామన్నా తప్పు పట్టేవాళ్లు లేరు. రెండిట్లో నాకు సగమే ఇష్టం. కానీ సంతకం మీది."

ఆమె ఆదేశ పత్రం కౌంటరు మీద పెట్టి, రక్తపోటు యంత్రం తేవడానికి వెళ్లారు.

పత్రంలో ఈసారి రెండు గడులున్నాయి. 'తగ్గించవచ్చు' ఒకటి, 'ప్రస్తుత మోతాదు కొనసాగించాలి' ఒకటి. నేను కలం రెండవ గడి మీద ఉంచాను. ఒక్క నెల. హాలులో పళ్లేల చప్పుడు వినిపిస్తున్నది. మూడవ బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్లు బెంచి జరగమని పోట్లాడుకుంటున్నారు. జాగ్రత్త దృష్ట్యా అని రాస్తే ఎవరూ ప్రశ్నించరు. జాగ్రత్త అనే పదాన్ని డైరెక్టరేటు ఎన్నడూ తిరస్కరించలేదు.

లింగవ్వ గారు కౌంటరు దగ్గరికి వచ్చి, మోచేతులు ఆనించారు. బల్ల అంచు తగిలినంత మాత్రానికే ముంజేతి మీద కొత్తగా కమిలిన మచ్చ ఉన్నది. ఇన్నేళ్ల మాత్రలతో ఆ చర్మం ఉల్లిపొరలా పలచబడింది. కింద నరాలు కనిపిస్తున్నాయి.

"ఏం రాస్తున్నరు సారూ?"

"పరిశీలిస్తున్నాను."

"పరిశీలించుడు నా గురించా, హాలు గురించా?"

నిబంధనల ప్రకారం అని మొదలుపెట్టాను.

ఆమె వెనక్కు తిరిగి నిండిన హాలును చూశారు. చాలాసేపు చూశారు. "నాకు గూడ బాగనే ఉన్నది సారూ. మల్ల ఆ కాలమొచ్చినట్టున్నది. గాని నా లోపలి గ్రంథి ముప్పై ఏండ్ల సంది పండుకున్నది, ఇప్పుడిప్పుడే కండ్లు తెరుస్తున్నదంటున్నది డాక్టరమ్మ. లేసిన దాన్ని మల్ల పండవెడ్తరా?"

ఓదెలు గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

నేను మొదటి గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. డాక్టరు గారు వచ్చి ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసి, సరే అన్నారు. లింగవ్వ గారు తిన్నట్లు నా కళ్లతో చూశాను. తరువాత ఓదెలు దగ్గర మిరపకాయలు తరిగే కత్తి అడిగి తీసుకుని, కడిగి, తుడిచి, మాత్రను పళ్లెంలో పెట్టి గీత మీద నొక్కాను. రెండు ముక్కలయింది. సమానంగా రాలేదు. పెద్దది నా వైపుకు దొర్లింది.

చిన్నదాన్ని ఆమె అరచేతిలో పెట్టాను.